‘కాదు’ అను మాట – కాదనుట

విజయవాడ నుండి ఏలూరునకు పోవు రైలుమార్గమున ‘నూజివీడు’ అను బోర్డు గల స్టేషను ఒకటి ఉన్నది. ఆ బోర్డును నమ్మి దిగిన క్రొత్తవానికి నూజివీడు కనబడదు. కనబడునది బాపులపాడు మండలమందలి హనుమాన్ జంక్షను. నూజివీడు పట్టణము అచ్చటికి పదునైదు కిలోమీటర్లకు పైబడిన దూరమున, మామిడితోటల నడుమ ఉన్నది. ఈ ప్రాంతమువారికి ఇందులో వింత యేమియు లేదు. బోర్డుమీది పేరు వేరు, దిగిన ఊరు వేరు అని వారెరుగుదురు. దిగి, బస్సెక్కి, పోవలసినచోటికి పోవుదురు. పేరునకును వస్తువునకును గల యెడమును మనుష్యుడు సందర్భమును బట్టి తానే పూరించుకొనును. యంత్రమున కట్టి నేర్పు లేదు. అది బోర్డును చదివినచో బోర్డునే నమ్మును. కొన్ని వేళల బోర్డుమీద ఏమి వ్రాసియున్నదో కూడ చూడక, బోర్డు ఉన్నదా లేదా అని మాత్రమే చూచును. ఈ చిన్న విషయము వలన కంప్యూటరు పనులలో కలుగు చిక్కులను గూర్చి యిచ్చట చెప్పదలచితిమి.

ఈనాడు కృష్ణా, ఏలూరు జిల్లాలలోని అనేక కుటుంబముల బిడ్డలు కంప్యూటరు కొలువులలో ఉన్నారు. నూజివీడునందే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యాలయము 2008 నుండి నడచుచున్నది. పండుగకు ఇల్లు చేరిన పిల్లవాడు భోజనము మధ్యలో లేచి, ల్యాప్‌టాప్ తెరచి, “ఒక వేరియబుల్ తప్పు పోయినది” అని నుదురు పట్టుకొని కూర్చుండుట తల్లిదండ్రులకు పరిచితమైన దృశ్యమే. ఆ వేరియబుల్ అనగా నేమి, అది తప్పిపోవుట యేమి, అని వారడుగుటయు, “చెప్పినను మీకు తెలియదు” అని వాడనుటయు కూడ పరిచితమే. తెలియకపోవుటకు అందులో గొప్ప రహస్యమేమియు లేదని మా అభిప్రాయము.

పూర్వము ఒక కార్యాలయములో పది కంప్యూటరులున్నచో, ఒక మనిషి ఒక్కొక్కదాని యెదుట కూర్చుండి దాని అమరికలను సరిచేసెడివాడు. ఇప్పుడు ఒక సంస్థ క్రింద వందలు, వేలు యంత్రములుండును. అవి ఏ ఊరిలో ఉన్నవో కూడ నడపువానికి కనబడదు. కావున అమరికలన్నిటిని ఒక పట్టీగా వ్రాసి, ఆ పట్టీని చదివి అన్ని యంత్రములను ఒక్కతీరున సిద్ధపరచు సాధనములు పుట్టినవి. అందు మిక్కిలి వాడుకలో నున్నది ఆన్సిబుల్. మైఖేల్ డిహాన్ అను నతడు 2012లో దీనిని వెలువరించెను. 2015లో రెడ్ హ్యాట్ అను సంస్థ దీనిని కొన్నది. రేడియో శ్రోతలకు ఈ పేరు రుచించును. అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1966 నాటి తన నవలలో, నక్షత్రముల మధ్య దూరమును లెక్కింపక క్షణములో మాట చేరవేయు ఒక సాధనమును కల్పించి దానికి పెట్టిన పేరది.

ఈ పట్టీనే స్క్రిప్టు అందురు. ఇందు మారుచుండు విషయములకు ఒక్కొక్క పేరు పెట్టి, ఆ పేరునకు విలువ నిత్తురు. అదియే వేరియబుల్, మన గణితశాస్త్రజ్ఞులు చలరాశి యన్నది. విలువలలో జాతులున్నవి. వానిలో మనకిప్పుడు కావలసినవి రెండు. ఔను, కాదు అను రెండు స్థితులు తప్ప మూడవది లేనిది బూలియను. అక్షరములను పూసలవలె వరుసగా గ్రుచ్చినది స్ట్రింగు. అక్షరమాల యన్నను తగును.

బూలియను అను పేరు జార్జి బూల్ అను గణితజ్ఞుని వలన వచ్చినది. ఆయన 1815లో ఇంగ్లండులో పుట్టి, ఐర్లండులోని కార్కు నగరమున ఆచార్యుడై, 1854లో ఆలోచనా నియమములను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. నిజానిజములను కూడికలు, హెచ్చవేతల వలె లెక్కకట్టవచ్చునని ఆయన చూపెను. ఆయన భార్య మేరీ, మన దేశపు సర్వేయరు జనరలు జార్జి ఎవరెస్టునకు సోదరుని కుమార్తె. అమెరికాలో క్లాడ్ షానన్ అను యువకుడు, బూల్ గణితమును విద్యుత్ స్విచ్చులకు అన్వయింపవచ్చునని 1937 నాటి తన పరిశోధన వ్యాసములో చూపినపిమ్మట, ఇది పుస్తకములు విడిచి యంత్రములలో ప్రవేశించెను. నేటి కంప్యూటరు అంతయు అట్టి స్విచ్చుల సముదాయమే.

మన యింటి రేడియోనే తీసికొందము. దాని స్విచ్చి వేసియుండును, లేక తీసియుండును. ఇది బూలియను. ఇంటి యజమాని బయటికి పోవుచు ఒక చీటీమీద ‘ఆపుము’ అని వ్రాసి రేడియో ప్రక్కన పెట్టిపోయెననుకొందము. ఇది స్ట్రింగు. ఇంటనున్నవారు చీటీ చదివి రేడియో ఆపుదురు. వారికి చీటీయు స్విచ్చియు ఒక్క ఫలమునే యిచ్చును. కాని చదువురాని పసివానికి “అక్కడ చీటీ ఉన్నచో రేడియో పెట్టుము, లేనిచో మానుము” అని మాత్రమే నేర్పియున్నయెడల, వాడు ‘ఆపుము’ అను చీటీని చూచి రేడియో పెట్టును. వాని తప్పేమున్నది? చీటీ ఉన్నది గదా!

ఆన్సిబుల్ పైథాన్ అను భాషలో వ్రాయబడినది. పైథాన్‌లో స్ట్రింగును గూర్చిన నియమము సరిగా ఈ పసివాని నియమమే. ఖాళీ స్ట్రింగు అబద్ధము. ఒక్క అక్షరమున్నను అది నిజము. ‘ఫాల్స్’ అనగా ఇంగ్లీషులో అబద్ధము. దానిని స్విచ్చిగా నిచ్చినచో అబద్ధమే యగును. కొటేషను గుర్తుల నడుమ మాటగా నిచ్చినచో, అందు అయిదు ఇంగ్లీషు అక్షరములున్నవి గనుక, అది నిజమగును. తెరమీద రెండును ఒక్కలాగుననే కనబడును. ఇదియే మొత్తము కథకు మూలము.

దీని వలన నష్టమేమి యని యడుగుదురు. బాపులపాడు ప్రాంతపు తోటనే దృష్టాంతముగా ఊహింతము. ఒక రైతునకు వేరువేరు చోట్ల ఆరు మామిడితోటలున్నవి. ప్రతి పంపుసెట్టు కొట్టములో అరచేతిలో నిముడు చిన్న కంప్యూటరు ఒకటి ఉండి, బిందుసేద్యపు వాల్వులను తెరచుచు మూయుచు ఉండును. ఆరింటి అమరికలను ఇంటినుండి ఒకే స్క్రిప్టు ద్వారా పంపుదురు. అందు ‘నీరు పెట్టవలెనా’ అను చలరాశి ఒకటి.

మామిడికి నీటి విషయమున ఒక మర్యాద కలదు. పూతకు ముందు రెండు మూడు నెలలు, అనగా వానలు వెనుకబట్టినది మొదలు మార్గశిర పుష్యముల వరకు, కాపు చెట్టునకు నీరు పెట్టరాదు. ఆ కొరతలోనే చెట్టు పెరుగుదల మాని పూమొగ్గలను కట్టుకొనును. అప్పుడు నీరందినచో, ఎర్రని లేతచిగుళ్లు వేసి, రైతు కన్నులకు పచ్చగా కనబడి, పూతను ఎగగొట్టును. పిందె బఠాణీగింజంత అయిన పిమ్మట తిరిగి నీరు కావలెను. ఈ లెక్క తప్పినచో ఆ యేడు బంగినపల్లి గాని, చిన్నరసము గాని బుట్టకెక్కుట కష్టము. అది దిద్దుకొనుటకు మరల ఏడాది పట్టును.

ఇప్పుడు కార్తీకమాసమున రైతు కుమారుడు హైదరాబాదు నుండి ‘నీరు పెట్టవలెనా’ అనుదానికి ‘ఫాల్స్’ అని యిచ్చి స్క్రిప్టును నడపెను. అది స్విచ్చిగా పోవలసినది, చీటీగా పోయెను. యంత్రము చీటీ ఉన్నదని గ్రహించి ఆరు తోటలలోను వాల్వులు తెరచెను. ఎక్కడను ఎర్రదీపము వెలుగలేదు. పని విజయవంతముగా ముగిసినదనియే తెరమీద వచ్చెను. ఇట్టి తప్పులలో ప్రమాదకరమైన గుణమిదియే. ఆగిపోవు యంత్రము మనలను పిలుచును. తప్పుగా నడచు యంత్రము పిలువదు.

స్విచ్చి చీటీగా నెట్లు మారినది? విలువ లోనికి వచ్చు దారిని బట్టి. స్క్రిప్టును నడపునపుడు, ఆజ్ఞ చివర పేరు, సమానపు గుర్తు, విలువ వ్రాసి క్రొత్త విలువను అందించుట ఆన్సిబుల్‌లో అందరును వాడు సులభమార్గము. ఆ మార్గమున వచ్చునది ఏదైనను స్ట్రింగే. అంకె వ్రాసినను స్ట్రింగే, ‘ఫాల్స్’ వ్రాసినను స్ట్రింగే. అదే విలువను జేసన్ అను రూపములో, మీసాల బ్రాకెట్లలో పెట్టి యిచ్చినచో జాతి చెడక బూలియనుగా చేరును. యంత్రముల పేర్ల పట్టికలో, యంత్రపు పేరు ప్రక్కనే అదే వరుసలో విలువ వ్రాయు ఆచారము మరియొకటి కలదు. అచ్చట ‘ఫాల్స్’ మొదటి అక్షరమును పెద్దబడిలో వ్రాసినచో పైథాన్ దానిని తనదిగా గుర్తించి బూలియను చేయును. చిన్నబడిలో వ్రాసినచో గుర్తింపక స్ట్రింగుగా ఉంచును. ఒక అక్షరపు పొడవులో ఒక తోట పూత వ్రేలాడుచున్నదన్నమాట! ఆ పట్టికలలో వ్రాసిన విలువల జాతిని నమ్ముకొనవద్దనియు, వాడుచోటనే జాతిని నిర్ణయించుకొనవలెననియు ఆన్సిబుల్ వారి పత్రములే హెచ్చరించుచున్నవి.

పాత సంచికలలో ఈ తప్పు కొంతకాలము కప్పబడియుండెను. షరతు చోట ఒంటరి చలరాశిని పెట్టినచో, ఆన్సిబుల్ దాని విలువను మరియొకమారు విప్పి చదివెడిది. అందుచేత ‘ఫాల్స్’ అను చీటీ కూడ అబద్ధముగనే చెల్లెడిది. ఇది ఉపకారమువలె తోచును గాని, నిజమునకు చదువురాని పసివానికి ప్రక్కనుండి మాటలందించుట వంటిది. 2019లో వచ్చిన 2.8వ సంచిక ఈ అలవాటును గూర్చి హెచ్చరింపసాగెను. 2021లో వచ్చిన 2.12వ సంచికలో మాట అందించుట మానివేసిరి. ఏళ్లుగా నడచిన స్క్రిప్టులు ఒక్క అక్షరము మారకయే అర్థము మార్చుకొనినవి. 2025 నాటి 2.19వ సంచిక మరింత కఠినమైనది: షరతు యొక్క ఫలము బూలియను కానిచో, ఊహింపక, ఆగి తప్పు చూపును. కొందరు దీనిని తొందరపాటు అనిరి. మామిడితోట దృష్టితో చూచినచో ఇదియే మేలని మేమందుము.

ఇంతవరకు చెప్పినది స్విచ్చి చీటీ అగుట. చీటీ స్విచ్చి అగుటయు కలదు. అది మరియు విచిత్రము. ఆన్సిబుల్ స్క్రిప్టులు యామిల్ అను వ్రాతపద్ధతిలో నుండును. మనుష్యులకు సులువుగా నుండవలెనని దానిని చేసినవారు కొటేషను గుర్తులను ఐచ్ఛికము చేసిరి. గుర్తులు లేనపుడు జాతిని తానే ఊహించును. 2005 నాటి 1.1వ పద్ధతిలో యెస్, నో, ఆన్, ఆఫ్ అను మాటలన్నియు బూలియనులే. దేశముల రెండక్షరాల సంకేతముల పట్టికలో నార్వే దేశమునకు ‘నో’ అని యుండును. గుర్తులు లేక ఆ పట్టిక వ్రాసినచో, ఇండియా, స్వీడను దేశములుగనే ఉండగా నార్వే ఒక్కటి ‘అబద్ధము’గా మారిపోవును. ఈ చిక్కునకు లోకమున ‘నార్వే సమస్య’ యని పేరు వచ్చినది. 2009 నాటి 1.2వ పద్ధతి యెస్, నోలను బూలియనుల నుండి తొలగించెను గాని, ఆన్సిబుల్ ఆధారపడు చదువరి యింకను పాత పద్ధతినే అనుసరించుచున్నది.

రేడియో పత్రిక చదువువారికి మరియొక ఉదాహరణము. కార్యక్రమముల వేళలను గుర్తులు లేక యామిల్‌లో వ్రాయుదము. 06:45 అని వ్రాసినది వ్రాసినట్లే నిలుచును. 7:05 అని వ్రాసినది 425 అగును. ఏలయన పాత పద్ధతిలో రెండు చుక్కల నడుమ నున్న అంకెలు అరువదింటి లెక్క. ఏడు అరువదులు నాలుగువందల యిరువది, పైన అయిదు. మొదటిదాని ముందు సున్న యుండుటచే అది ఆ లెక్కలో చేరలేదు. ఒకే పట్టికలో ఒక వేళ వేళగను, మరియొక వేళ సంఖ్యగను ఉండును! అట్లే 2.10వ సంచిక అని వ్రాసినచో చివరి సున్నకు విలువ లేదని తీసివేసి 2.1 చేయును. ఆన్సిబుల్‌కు 2.1, 2.10 రెండు సంచికలును కలవు. వానికి నడుమ నాలుగేండ్ల యెడము. ఫైలును ఎవరు చదువవచ్చునో నిర్ణయించు 644 అను అంకె యెనిమిదింటి లెక్కలోనిది. దానిని ముందు సున్నయు, చుట్టును గుర్తులును లేక వ్రాసినచో పదింటి లెక్కగా గ్రహించి, 1204 అను మరియొక అనుమతి నిచ్చును. అపుడు ఫైలు సొంతదారే దానిని చదువలేడు.

తెలుగున వ్రాసినచో నేమగునని మేము కుతూహలముతో ఆలోచించితిమి. యామిల్‌కు తెలిసిన ఔను కాదులు ఇంగ్లీషువి మాత్రమే. ‘అవును’ అని తెలుగు లిపిలో వ్రాసినచో అది స్ట్రింగు. ఖాళీ కాదు గనుక నిజము. ‘కాదు’ అని వ్రాసినను స్ట్రింగే, అదియును నిజమే!

అయితే తెలుగు భాషకు ఇచ్చట ఒక మేలు కలదు. ఇంగ్లీషులో ‘నో’ అను ఒక్క మాటతో నడచుచోట మనకు రెండు మాటలున్నవి: కాదు, లేదు. “ఇది బంగినపల్లి కాదు” అనుట వేరు, “బంగినపల్లి లేదు” అనుట వేరు. మొదటిదానిలో పండున్నది, జాతి వేరు. రెండవదానిలో పండే లేదు. మన పసిపిల్లలు కూడ ఈ రెండింటిని తారుమారు చేయరు. స్క్రిప్టులలో పెద్దవారు నిత్యము తారుమారు చేయుచుందురు. రేడియో నిశ్శబ్దముగా నుండుటకు మూడు కారణములుండవచ్చును: స్విచ్చి తీసియుండుట, స్విచ్చి వేసియున్నను ధ్వని సున్నలో నుండుట, ఇంట అసలు రేడియో లేకుండుట. ‘నీరు పెట్టవలెనా’ అనుదానికి బూలియను అబద్ధము మొదటిది, అది ‘కాదు’. ఖాళీ స్ట్రింగు రెండవది. చీటీ ఉన్నది గాని మీద వ్రాతలేదు. ఆ చలరాశికి ఎవరును విలువనే యీయకుండుట మూడవది, అది ‘లేదు’. మొదటి రెండింటిని పైథాన్ అబద్ధములుగనే లెక్కించును. మూడవదానికి ఆన్సిబుల్ తప్పు చూపి ఆగును. చూపవలసినదే.

ఇక చికిత్స. చలరాశిని షరతులో వాడునపుడు దాని వెనుక ‘బూల్’ అను వడపోతను చేర్చుట వాడుకలోనున్న మార్గము. అది యెస్, ఆన్, ట్రూ, 1 అను మాటలను చదివి నిజము చేయును. ‘ఫాల్స్’ అను చీటీని చదివి అబద్ధము చేయును. పసివానికి చదువు వచ్చెనన్నమాట. కాని ఈ చదువు కొద్దిపాటిది. తనకు తెలియని మాట ఏది వచ్చినను అది చాలకాలము మారుమాటాడక అబద్ధమే చేసెడిది. ‘ట్రూ’ అనుటకు అక్షరములు తారుమారు చేసి వ్రాసినను అబద్ధమే. తెలుగు ‘అవును’ పెట్టినను అబద్ధమే. కావున వడపోత ఉన్నదని నిశ్చింతగా నుండరాదు.

బయటికి పోవునపుడు కూడ జాగ్రత్త వలయును. బూలియనును ఒక ఫైలులో అచ్చువేసినచో పైథాన్ మర్యాద ప్రకారము మొదటి అక్షరము పెద్దబడిలో వచ్చును. ఆ ఫైలును చదువు ప్రోగ్రాము చిన్నబడి ‘ట్రూ’నే ఎరిగినదైనచో దానిని త్రోసివేయును. దీనికి చిన్నబడికి మార్చు వడపోత వేరుగా నున్నది. సంచికల అంకెలు, వేళలు, ఫైలు అనుమతులు, దేశపు సంకేతములు మొదలగు వానికి కొటేషను గుర్తులు పెట్టుట ఆలోచన లేకుండ చేయదగిన అలవాటు. బూలియనుకు మాత్రము గుర్తులు పెట్టరాదు. మంచి యలవాటు మితిమీరి దానికిని గుర్తులు పెట్టుట వలననే సగము చిక్కులు పుట్టుచున్నవి.

పని మొదలిడకముందే జాతిని పరీక్షించుట అన్నిటికంటె దృఢమైనది. ‘ఈ చలరాశి బూలియనేనా?’ అని అడిగి, కానిచో అచ్చటనే ఆగునట్లు స్క్రిప్టు మొదట ఒక వాక్యము వ్రాయవచ్చును. 2021 నాటి 2.11వ సంచిక నుండి, ఒక పనికి ఏయే చలరాశులు కావలెనో, అవి ఏ జాతివో ముందుగనే పట్టికగా ప్రకటించు సదుపాయము కూడ వచ్చినది. జాతి చూపు వడపోత వేరొకటి కలదు. సందేహము కలిగినపుడు దానితో విలువను అచ్చువేయించినచో, కనబడునది చీటీయో స్విచ్చియో తెలిసిపోవును.

విలువ ఎవరు నీయనిచో ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలినది. చాలమంది ‘విలువ లేనిచో అబద్ధమనుకొనుము’ అని వ్రాసి ముగింతురు; అది నిరపాయమని వారి నమ్మకము. కార్తీకమున వాల్వు మూసియుండుట నిరపాయమే. చైత్రమాసమున, పిందె గోళీకాయంత యయి, పగలు నలుబది డిగ్రీల యెండ కాయుచుండగా, మూసిన వాల్వు పిందెను రాల్చును. అచ్చట ఏ విలువను ముందుగా ఊహించినను ఒక ఋతువున అది తప్పే. కావున తోటవంటి పనులలో ముందుగా విలువ పెట్టక, స్క్రిప్టు ఆగి మనిషిని పిలుచునట్లు వ్రాయుటయే మా యిష్టము. రైతు కుమారుడు రెండవమారు నడపునపుడు, ‘ఫాల్స్’ అను మాటను జేసన్ బ్రాకెట్లలో, కొటేషను గుర్తులు లేకుండ పెట్టెను. ఆరు వాల్వులును మూతపడెను.